బొటనేలు

పలాసలో నా మైకుసెట్టుకి ముప్పై ఒక్క ఏళ్ళు.
రెండు బాకాలు, ఒక పెట్టి, తుప్పట్టిన స్టాండు.
పెళ్ళికీ ఇచ్చాను, చావుకీ ఇచ్చాను.
దేవుడున్నాడన్నోడికీ నేడన్నోడికీ
ఒకటే అద్దె.
ఎమ్మెల్యేని తిట్టినోడికి తీగ లాగాను,
మర్నాడు ఆ ఎమ్మెల్యేకీ లాగాను.
ఒకడు నన్నే తిట్టాడు, నా మైకులోనే,
కూత సరిగ్గా నేదని.
సౌండు ఒక గీత పెంచాను.
తిట్టన్నాక ఇనపడాల కదా.

ఆ బుధవారం, కాశీబుగ్గలో,
కండువా ఆయన ముందు జీడిపిక్కల ధర గురించి మాటాడాడు.
బాగానే ఉంది.
తరవాత గొంతుక తగ్గించాడు.
అరిసేవోడంటే నాకు బయం నేదు,
తగ్గించేవోడంటేనే.
"ఒరిస్సా నుంచొచ్చి బట్టీల ఎనకాల ఉంటన్నోళ్ళు,
పిల్లల్ని ఎత్తుకుపోతన్నది ఆళ్ళే.
తెల్లారేతలికి ఆ రేకులు ఉండకూడదు.
ఏటి సెయ్యాలో నాను సెప్పక్కర్నేదు."

నా బొటనేలు సౌండు మర మీదకి ఎళ్ళింది.
ఎళ్ళి, అక్కడే కూకుంది.
జేబులో రెండేల అడ్వాన్సు ఎచ్చగా ఉంది.
ఆడి మాట ఆడిది, నాకేటి, అనుకున్నాను.
నా బాకాలోంచి ఎళ్ళిన మాట
మరెవులిది?

రేత్రి పదకొండుకి
సుకాంతి రేకు మీద రాళ్ళు పడ్డాయి.
దాని మనవడికి కనుబొమ్మ సీలింది, నాలుగు కుట్లు.
మా ఊళ్ళో అంతకుముందు ఏ పిల్లా పోనేదు.
ఆ రేత్రీ పోనేదు.

సీఐ గారొచ్చారు. మంచోరే, కొత్తగా ఒచ్చారు.
"ఎవరేం మాట్లాడారో నాకు అనవసరం.
నెలరోజులు ఎవరూ మాట్లాడొద్దు, మైకు బంద్."
నా బాకాలు రెండూ టేషను వరండాలో
బోర్లా పడుకున్నాయి.
కండువా ఆయన టీకొట్టు కాడ
ఒక్కొక్కడి సెవిలో సెప్పుకుంటన్నాడు,
ఆడికి మైకుతో పనేటి?
ఆగిపోయింది బట్టీల ఆడోళ్ళ మీటింగు.
కేజీకి రెండ్రూపాయలు పెంచమని
ఆళ్ళు అడగాల్సిన ఆదివారం.

నాను తిప్పనేని మరని
ఇంకెవులో ఏళ్ళతో సహా పీకీసారు.

సుకాంతి కాడికి ఎళ్ళాను.
ఏటి సెప్పాలో తెలీక నిలబడిపోయాను.
అది పిక్కలు కొడతంది,
జీడి నూనెకి ఏళ్ళన్నీ నల్లగా కాలిపోయి.
"మైకోడివి నువ్వే కదా" అంది.
ఒక పిక్క నా ముందెట్టి, కొట్టమని సుత్తిచ్చింది.
కొట్టాను. పప్పు నుజ్జు.
ఇంకోటి, బయం బయంగా. పెంకు కదల్నేదు.
నవ్వింది. "నాకైతే ఇరవై ఏళ్ళయింది.
ఇప్పుడికీ రోజుకి పది పాడవుతాయి.
పాడవుతాయని కొట్టడం మానం.
కళ్ళు మూసుకునీ కొట్టం."

నెల గడిసింది. బాకాలు దులుపుకుని తెచ్చుకున్నాను.
ఆదివారం ముందు సుకాంతే మాటాడింది,
సగం ఒడియా, సగం మన మాట,
అంతా రెండ్రూపాయల గురించే.
రాళ్ళ గురించి ఒక్క ముక్క:
"పిల్లల్ని అమ్ముకునేవోళ్ళమైతే, మా ఓడి కుట్లకి
ఆరెంపీ కాడ గాజులు ఎందుకెడతామమ్మా?"
ఎనకనుంచి కండువా ఆయన, నాకూ మైకు కావాలన్నాడు.
ఆడోళ్ళందరూ నా ఏపు సూసారు.
ఇచ్చాను.
సుకాంతిని తిట్టాడు, ఆడదానికి పెత్తనమేటని.
ఇనపడనిచ్చాను.
అది తిరగబడి తిట్టింది,
మైకు నేకండానే, ఇంకా గట్టిగా.
జనం నవ్వారు. ఆడి మొకం కందిపోయింది.
అప్పుడు, గొంతుక తగ్గించాడు.

ఈసారి నా బొటనేలు కూకోనేదు.

ఇంటికొచ్చి అన్నం ముందు అనుమానం:
ఒకేల ఆడు దగ్గుదామనే తగ్గించాడేమో.
అలాగైతే అదీ ఒక పప్పు నుజ్జే.
రేపు ఎళ్ళి అడగాల, టీకొట్టు కాడ,
అందరికీ ఇనపడేలాగ.